తోడు పెట్టిన ద్రాక్షసారా

(పోయిన ఆదివారం సాయంత్రం మా వీధి గ్రంథాలయంలో, మైక్రోబయాలజీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరైన ఒక మేడమ్ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. ఇంత వానలో ఇంతమంది వస్తారనుకోలేదు. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇందాక మెట్లెక్కుతుంటే ఒక పెద్దాయన నన్ను ఆపి అడిగారు. "అమ్మా, గ్రంథాలయంలో మందు గురించి ఉపన్యాసమా?" అని. అడగాల్సిన ప్రశ్నే అడిగారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ నేల మనది. తాగుడు ఒక ఇంటిని ఏం చేస్తుందో ఇక్కడ ఎవరికీ నేను చెప్పక్కర్లేదు. తాగమని చెప్పడానికి నేను రాలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు ఈస్ట్ గురించి, పులియడం గురించి పాఠం చెప్పాను. ఆ పాఠంలో ఒక చోట రెండే రెండు లైన్లు ఉండేవి, కొన్ని వైన్లను ఓక్ పీపాల్లో తరాల తరబడి నిలవ ఉంచుతారని. రెండు లైన్లు. ఏటా చదివి వినిపించి ముందుకు పోయేదాన్ని. తరాల తరబడి అంటే ఎవరు ఉంచుతారు? ఎవరి కోసం ఉంచుతారు? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రిటైరయ్యాక రెండు చోట్లకు వెళ్లి కళ్లారా చూసి వచ్చాను. ఒకటి స్పెయిన్ దక్షిణాన హెరెస్ అనే ఊరు. రెండోది ఆస్ట్రేలియాలో మా అమ్మాయి ఉండే అడిలైడ్‌కు దగ్గర్లో బరోసా లోయ. ఈ సాయంత్రం ఆ రెండు చోట్ల కథే.

ముందు మన కల్లు దగ్గర మొదలుపెడదాం. ఇక్కడ గీత కుటుంబాలవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, చెయ్యెత్తారు. అయ్యా, పొద్దున దింపిన కల్లు మధ్యాహ్నానికి ఎలా ఉంటుంది? నురగ కడుతుంది. సాయంత్రానికి? పులుస్తుంది. మర్నాటికి? నోట పెట్టలేం. అంతేకదా! లొట్టిలో ఉన్న ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్ చేస్తుంది. ఆ వెనకే ఇంకో రకం బాక్టీరియా వచ్చి ఆల్కహాల్‌ను పుల్లటి యాసిడ్ చేసేస్తుంది. కల్లు వెనిగర్ అయిపోతుంది. ద్రాక్షరసం కథా ఇదే. కాస్త నెమ్మది, అంతే. గాలి తగిలే చోట మామూలు వైన్ వదిలేస్తే కొన్ని రోజుల్లో చెడిపోతుంది.

మరి వందేళ్లు ఎలా ఉంటుంది? దానికి పాతకాలం వర్తకులు ఒక ఉపాయం కనిపెట్టారు. వైన్‌లో మరికొంత ద్రాక్ష బ్రాందీ కలిపారు. అంటే వైన్‌నే కాచి తీసిన ఘాటైన స్పిరిట్. ఆల్కహాల్ పదిహేను శాతం దాటిందా, వెనిగర్ చేసే బాక్టీరియా ఇక బతకదు. పద్దెనిమిది దాటిందా, ఈస్ట్ కూడా చేతులెత్తేస్తుంది. ఇలా బలం కలిపిన వైన్లే షెర్రీ, పోర్ట్, మదీరా. ఎప్పుడు కలుపుతారన్నదాన్ని బట్టి రుచి మారుతుంది. ద్రాక్షరసం సగం పులిసినప్పుడే కలిపితే ఈస్ట్ అక్కడితో ఆగిపోతుంది, తినని చక్కెర అలాగే మిగులుతుంది. వైన్ తియ్యగా ఉంటుంది. పోర్ట్ అలాంటిది. పూర్తిగా పులిశాక కలిపితే చక్కెర మిగలదు. షెర్రీల్లో చాలావరకు అలాంటివి. ఊరగాయలో ఉప్పు, నూనె ఏ పని చేస్తాయో ఇక్కడ స్పిరిట్ ఆ పని చేస్తుంది. ఆవకాయలో ఉప్పు తగ్గితే ఏమవుతుందో మీకు చెప్పాలా?

ఇక పీపా. పీపా అంటే మనకు కిరోసిన్ పీపాలే గుర్తొస్తాయి. ఓక్ చెక్క పీపా అలాంటిది కాదు. దాన్ని చేసేటప్పుడు దగ్గర నిలబడి చూడాలి. చెక్క పలకలను నిప్పు సెగకు వంచి, పక్కపక్కన నిలబెట్టి, ఇనప పట్టీలు బిగిస్తారు. మేకు లేదు. జిగురు లేదు. అయినా చుక్క కారదు. ఎందుకు కారదు? చెక్కలో సన్నని గొట్టాలుంటాయి కదా, చెట్టు బతికున్నప్పుడు నీళ్లు పైకి పోయే దారులు. తెల్ల ఓక్ చెట్టు ముదిరినప్పుడు ఆ గొట్టాల్లోకి బుడగల్లాంటివి పెరిగి దారులు మూసేస్తాయి. ఎర్ర ఓక్‌లో ఆ మూతలు సరిగ్గా పడవు. ఎర్ర ఓక్ ముక్క ఒక కొస నీళ్లలో ముంచి రెండో కొస నుంచి ఊదితే బుడగలొస్తాయి. అందుకే పీపాలకు తెల్ల ఓక్. లోపలి ద్రవాన్ని ఆపుతుంది, కానీ గాలిని మాత్రం పూర్తిగా ఆపదు. సన్నగా, అతి సన్నగా ఊపిరి పీల్చుకుంటుంది. మనకు కావాల్సింది ఆ ఊపిరే.

మేకు లేకుండా చెక్కలు కలపడం అంటే మీకేం గుర్తొచ్చింది? నాకు మసులా పడవలు గుర్తొచ్చాయి. పేరు వింటేనే మచిలీపట్నం తలపుకొస్తుంది. కొబ్బరి తాడుతో పలకలు కుట్టి చేసేవాళ్లు ఆ పడవల్ని. అల నేలకు కొట్టినా పడవ విరక్కుండా వంగేది. చెన్నపట్నానికి అప్పట్లో రేవు లేదు. ఓడలు దూరంగా సముద్రంలో లంగరు వేస్తే, సరుకంతా ఈ కుట్టు పడవల మీదే ఒడ్డుకు చేరేది. ఆ సరుకులో మదీరా వైన్ పీపాలు కూడా ఉండేవి. నేను ఇంత దూరం వచ్చి ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, పీపాలో వైన్ ముదిరితే బాగుంటుందని లోకానికి తెలియడంలో మన తీరానికీ చిన్న వాటా ఉంది.

మదీరా అనేది అట్లాంటిక్ సముద్రంలో పోర్చుగల్‌వాళ్ల దీవి. ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడలు మన వైపు వచ్చేటప్పుడు అక్కడ ఆగి వైన్ ఎక్కించుకునేవి. ఆ పీపాలు ఓడ అడుగున నెలల తరబడి ఊగుతూ, భూమధ్యరేఖ దాటుతూ, ఉడుకుతూ వచ్చేవి. మామూలుగా అయితే వేడికి వైన్ పాడవ్వాలి. కానీ అమ్ముడుపోక తిరిగి మదీరా చేరిన పీపాలు తెరిచి చూస్తే వైన్ ఇంకా బాగుంది! అప్పటి నుంచి కావాలనే పీపాల్ని ఓడలెక్కించి తిప్పి తెచ్చారు. ఇండియా వెళ్లి వచ్చిన వైన్ అంటే ధర ఎక్కువ పలికేది. తర్వాత ఓడ ప్రయాణం ఖర్చెందుకని, పీపాల్ని ఎండ కాసే అటకల మీద పెట్టడం మొదలుపెట్టారు. ఇప్పటికీ మంచి మదీరా అటక మీద వేడిలోనే ముదురుతుంది. అన్నిటికన్నా మేలైన రకం, ఒకే ఏడాది పంటతో చేసేది, కనీసం 20 ఏళ్లు పీపాలో ఉండాలని అక్కడి నియమం. మదీరా గురించి ఇంతకన్నా చెప్పను. చెబితే రాత్రవుతుంది.

షెర్రీ తయారయ్యే హెరెస్‌కు వద్దాం. కాదిస్ జిల్లాలో, సముద్రానికి కాస్త లోపలగా ఉంటుంది. ఊరి బయట తోటల్లో నేల తెల్లగా ఉంటుంది, సున్నం చల్లినట్టు. వాన నీటిని స్పంజిలా పీల్చి, పైన అట్ట కట్టి, ఎండాకాలమంతా వేళ్లకు అందిస్తుంది ఆ నేల. పండేది ఎక్కువగా పలోమినో అనే తెల్ల ద్రాక్ష. ఆ ద్రాక్షతో చేసిన వైన్ మొదట్లో చప్పగానే ఉంటుందని అక్కడివాళ్లే ఒప్పుకుంటారు. గొప్పదనం పండులో లేదు. పీపాలు పెట్టే ఆ పెద్ద గదిలో ఉంది. దాన్ని బోదేగా అంటారు.

నేను లోపలికి అడుగు పెట్టగానే మొదట తెలిసింది వాసన. కోసిన ఆపిల్ ముక్క, తడి మట్టి, వాల్‌నట్, అన్నీ కలిసిన వాసన. పైకప్పు దేవాలయంలో ఉన్నంత ఎత్తు. కిటికీలు బాగా పైన, వాటికి గడ్డితో నేసిన చాపలు. పడమటి గాలి సముద్రం నుంచి తేమ తెస్తుందని ఆ వైపుకు కిటికీలు. నేల మీద పసుపురంగు ఇసక. ఆ ఇసక మీద వేసవిలో రోజూ నీళ్లు చల్లుతారు, మన ఇళ్ల ముందు కల్లాపి చల్లినట్టు. గది చల్లగా, తేమగా ఉండాలని. పీపాలన్నీ నల్ల రంగు. ఎందుకు నలుపు అని అడిగాను. నల్లటి దాని మీద ఎక్కడ తడి తగిలినా వెంటనే కనిపిస్తుందట, చెమ్మ దిగుతోందో లేదో తెలుసుకోవడానికి. ఒక్కో పీపా ఆరు వందల లీటర్లు పడుతుంది. కానీ ఐదు వందలే పోస్తారు. పైన వంద లీటర్ల ఖాళీ. ఎందుకా ఖాళీ?

అక్కడ ఒక పువ్వు పూస్తుంది. స్పానిష్‌లో దాని పేరే ఫ్లోర్, అంటే పువ్వు. నిజానికి అది ఈస్ట్. వైన్ మీద తెల్లగా, ముడతలు ముడతలుగా, కాచిన పాల మీద మీగడలా కడుతుంది. మన ఇళ్లలో ఉప్పునీళ్లలో వేసిన ఉసిరికాయల మీద ఇలాంటి తెల్లటి పొర వస్తే ఏం చేస్తాం? అయ్యో బూజు పట్టింది, పారబొయ్యండి అంటాం. హెరెస్‌వాళ్లు దాన్ని కళ్లలో పెట్టుకుని చూసుకుంటారు. ఆ పొర గాలిలోని ఆక్సిజన్‌ను తనే తీసుకుని, కింద వైన్‌కు తగలనివ్వదు. అలా పొర కింద పెరిగేది ఫీనో. లేత రంగులో, చురుక్కుమంటుంది. ఆల్కహాల్ పదిహేను శాతం దగ్గర ఉంచితేనే ఆ పొర బతుకుతుంది. పదిహేడు దాటిస్తే చచ్చిపోతుంది. పొర లేకుండా గాలితో నేరుగా పెరిగి ముదురు గోధుమ రంగుకు తిరిగేది ఒలొరోసో. కొన్నాళ్లు పొర కింద ఉండి, ఆ తర్వాత పొర పోయి గాలిలో ముదిరేది అమొంతియాదో. పీపా మూత మీద సుద్దముక్కతో ఒక గీత గీస్తారు, ఏ పీపా ఏ దారిన పోతోందో గుర్తుకు. వేరే బోర్డులేం ఉండవు, ఆ సుద్దగీతే.

ఇప్పుడు అసలు విషయం. అమ్మలందరూ వినండి, ఇది మీకు ముందే తెలుసు. రాత్రి పెరుగు ఎలా తోడు పెడతారు? నిన్నటి పెరుగు రెండు చెంచాలు తీసి గోరువెచ్చటి పాలలో వేస్తారు. నిన్నటి పెరుగుకు మొన్నటి తోడు. మొన్నటి దానికి అంతకు ముందుది. మా అత్తగారింట్లో తోడు ఎప్పుడు మొదలైందంటే ఎవరు చెప్పగలరు? ఆవిడ అత్తగారి నాటిది కావచ్చు. తోడు ఒకరోజు అయిపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి పోతాం. అలా ఊళ్లో ఇళ్లన్నీ ఒకే తోడు మీద బతికేవి.

హెరెస్‌లో వైన్‌కు తోడు పెడతారు. అదే సొలేరా. సొలేరా అంటే నేల మీద ఉన్నది అని. పీపాల్ని వరసల మీద వరసలుగా పేరుస్తారు. కింది వరసలో అన్నిటికన్నా పాత వైన్. దాని పైన కాస్త లేతది. ఆ పైన ఇంకా లేతది. సీసాల్లోకి పోయేది కింది వరస నుంచే, అదీ పీపాలో కొంత భాగమే. తీసినంత మేర దాని పై వరసలోంచి తెచ్చి నింపుతారు. ఆ వరసలో ఏర్పడ్డ వెలితిని దాని పైది నింపుతుంది. అన్నిటికన్నా పైన కొత్త వైన్ వచ్చి చేరుతుంది. ఒక్క పీపా కూడా ఎప్పుడూ ఖాళీ కాదు. పాతది కొత్తదాన్ని తనలాగా మార్చుకుంటుంది. తోడు పాలను మార్చినట్టే.

ఆ నింపడం ఎలా చేస్తారో చూశాను. పడవ ఆకారంలో ఒక గరాటు పెట్టి, దానికి పొడవాటి గొట్టం తగిలించి, ఆ గొట్టాన్ని పొర కిందికి దించుతారు. గొట్టానికి చిన్న చిన్న రంధ్రాలు. వైన్ ఒక్కసారిగా పడకుండా, పొర చిరగకుండా, నెమ్మదిగా అన్ని వైపులా చిమ్మాలని. ఈ పనికి వాళ్లు పెట్టుకున్న పేరు రోసీయో. అంటే మంచు, తెల్లవారుజామున ఆకుల మీద కురిసే మంచు. ఆ మాట చెప్పిన పనివాడు అరవై దాటిన మనిషి. గొట్టం దించేటప్పుడు ఊపిరి బిగబట్టడం నేను చూశాను.

ఇక్కడ కాస్త లెక్క చేద్దాం. కాలేజీ పిల్లలు, ఇది మీకే. ఒక పీపాలోంచి ఏటా మూడో వంతు తీసి కొత్తది పోస్తున్నామనుకోండి. మొదటి ఏడాది వైన్ పదేళ్ల తర్వాత ఎంత మిగులుతుంది? మూడింట రెండు వంతులను పదిసార్లు గుణించండి. నూటికి రెండు పాళ్లకు లోపే. ఇరవై ఏళ్లకు పదివేలలో మూడు పాళ్లు. ఎంత తగ్గినా సున్నా మాత్రం కాదు. సీసా మీద 1847 అని ఉంటే లోపలిది 1847 నాటి వైన్ అని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ సొలేరా మొదలుపెట్టిన ఏడాది అది. ఆ నాటి చుక్క లోపల ఉందా? లెక్క ప్రకారం ఉంది. నాలుకకు తెలిసేంత ఉందా? లేదు. ఈ తేడా కొనేవాళ్లకు విడమరిచి చెప్పాలి. చెప్పకుండా ఏడాది అంకె పెద్దక్షరాల్లో వేసి అమ్మడం నాకు నచ్చదు.

మరి నిజంగా పాతదని ఎలా తెలుస్తుంది? దానికి అక్కడి నియంత్రణ మండలి 2000లో ఒక పద్ధతి పెట్టింది. సగటు వయసు 20 ఏళ్లు దాటిన వైన్‌కు ఒక ముద్ర, 30 ఏళ్లు దాటినదానికి ఇంకో ముద్ర. రుచి చూసే నిపుణులు కూర్చుంటారు, ప్రయోగశాలలో కార్బన్-14 పరీక్ష కూడా ఉంటుంది. వాటికి తోడు ఒక నియమం నాకు చాలా నచ్చింది. 30 ఏళ్ల ముద్ర కావాలంటే, సీసాలోకి తీసే ప్రతి లీటరుకు కనీసం ముప్పై లీటర్లు పీపాల్లో మిగలాలి. ఎందుకు ముప్పై? ముప్పై ట్యాంకర్ల నీళ్లు పట్టే చెరువుందనుకోండి. ఏటా ఒక ట్యాంకర్ తీస్తారు, ఒక ట్యాంకర్ పోస్తారు. ఒక నీటిబొట్టు ఆ చెరువులో సగటున ఎన్నాళ్లుంటుంది? ముప్పై ఏళ్లు. అంతే లెక్క. అంటే వయసు అనేది ఎంత తీశామన్నదాని మీద లేదు, ఎంత ఉంచామన్నదాని మీద ఉంది. ఒక యజమాని ఆశపడి ఒక్క ఏడాది రెండింతలు అమ్ముకున్నాడా, తాత నుంచి వచ్చిన వయసు ఆ మేరకు పోతుంది. మళ్లీ రావాలంటే ఇంకో తరం ఆగాలి. ఈ వైన్లు అరుదు, ఖరీదు అని పత్రికల్లో రాస్తారు. ఎందుకు అరుదో రాయరు. చేతిలో ఉన్నది అమ్ముకోకుండా ఆగినవాళ్లు తక్కువ కాబట్టి అరుదు.

ఇంకో సంగతి. పీపా ఊపిరి పీల్చుకుంటుందన్నాను కదా, ఊపిరి వదులుతుంది కూడా. హెరెస్‌లో ఏటా మూడు నుంచి ఐదు శాతం గాలిలో కలిసిపోతుంది. అక్కడ ఆల్కహాల్ కన్నా నీరు ఎక్కువ పోతుంది. అందుకే వైన్ ముదిరేకొద్దీ చిక్కబడుతుంది, ఘాటు పెరుగుతుంది. పదిహేడుతో మొదలైంది ఇరవై దాటుతుంది. ఆ పనివాడు పొడవాటి కాడకు కట్టిన చిన్న వెండి గిన్నెను పీపాలో ముంచి, ఎత్తు నుంచి ధారగా గ్లాసులో పోశాడు. ఒక్క చుక్క కింద పడలేదు. నేను రెండు చుక్కలు నాలుక మీద వేసుకున్నాను. నలభై ఏళ్ల పైబడిన ఒలొరోసో అన్నారు. తీపి లేదు. ఉప్పగా, చేదుగా, వేయించిన గింజల కమ్మదనంతో ఉంది. గేటు దాటి బస్సెక్కాక కూడా నోట్లో ఆ రుచి ఉంది.

సరే, ఇప్పుడు ఆస్ట్రేలియా. హెరెస్‌వాళ్లు ఏళ్లన్నిటినీ కలిపేస్తారు. బరోసాలో ఒక చోట దీనికి పూర్తిగా విరుద్ధంగా చేశారు. ఏ ఏడాదిని ఆ ఏడాదిగానే దాచారు.

అడిలైడ్ నుంచి కారులో గంటకు పైగా ప్రయాణం. దారిలో ఒక మలుపు తిరగగానే ఒక్కసారిగా ఖర్జూర జాతి చెట్లు వరసలు కడతాయి. రెండు వేల పైనే. మా అమ్మాయిని "ఇదేంటే, ఈతవనంలా ఉంది" అన్నాను. నిజంగానే అవి మన ఈతచెట్టుకు దగ్గరి చుట్టాలు, ఒకే ప్రజాతి. 1930ల్లో ప్రపంచమంతా పనుల్లేక అల్లాడినప్పుడు, సెప్పెల్ట్ కుటుంబం తమ పనివాళ్లను తీసేయకుండా ఈ చెట్లు నాటించింది. ఆ ఊరి పేరు సెప్పెల్ట్స్‌ఫీల్డ్.

ఆ కుటుంబ పెద్ద జోసెఫ్ సెప్పెల్ట్ జర్మన్ మాట్లాడే సైలీషియా నుంచి వచ్చి, 1851లో ఇక్కడ భూమి కొన్నాడు. మొదట పొగాకు వేద్దామనుకున్నాడు. మన గుంటూరు, ప్రకాశం రైతులు నవ్వుతున్నారు. కుదరలేదు, ద్రాక్ష వేశాడు. ఆయన పోయాక పెద్ద కొడుకు బెన్నో చేతికి వచ్చింది. 1878లో బెన్నో రాతితో కొత్త గోదాము కట్టించాడు. కట్టడం పూర్తయిన సందర్భంలో, ఆ ఏడాది తీపి వైన్లలో మేలైనది ఐదు వందల లీటర్ల పీపా ఒకటి పక్కన పెట్టించాడు. పెట్టించి ఏమన్నాడు? నూరేళ్ల వరకు దీన్ని అమ్మకూడదు అన్నాడు. నూరేళ్లు! అప్పటికి ఆయన ముప్పైల్లో ఉన్నాడు. తను తాగడు. కొడుకు తాగడు. మనవడు తాగుతాడో లేదో తెలియదు.

ఒక్క పీపా దాచడం పెద్ద విషయం కాదు. ఆ తర్వాతి ఏడాది ఇంకో పీపా పెట్టారు. ఆ తర్వాత ఇంకోటి. అలా ఇప్పటివరకు ఒక్క ఏడాది కూడా తప్పలేదు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. వీళ్లు జర్మన్లు కదా, ఊరంతా అనుమానంగా చూసిన రోజులు. 1917లో చట్టం చేసి దక్షిణ ఆస్ట్రేలియాలో జర్మన్ ఊళ్ల పేర్లే మార్చేశారు. ఆ ఏడాది పీపా కూడా ఉంది. బెన్నో 1931లో పోయాడు. ఆ ఏడాదిదీ ఉంది. 1978లో మొదటి పీపా తెరిచారు, అన్నమాట ప్రకారం సరిగ్గా నూరేళ్లకు. ఆ తర్వాత 1980ల్లో కంపెనీ కుటుంబం చేతులు దాటిపోయింది. యజమానులు మారారు, మళ్లీ మారారు. పీపా పెట్టడం మాత్రం ఎవరూ మానలేదు. నన్ను బాగా కదిలించింది ఇదే. సొంత తాత పెట్టిన నియమమైతే గౌరవించడం సహజం. ముక్కూ మొహం తెలియని వాళ్ల తాత పెట్టిన నియమాన్ని, కొనుక్కున్న వాళ్లు కూడా పాటించారు చూడండి.

నూరేళ్లకు ఆ ఐదు వందల లీటర్లలో ఎంత మిగులుతుంది? ఏటా మూడు శాతం ఆవిరైతే అనుకుని లెక్క కట్టండి. యాభై ఏళ్లకు సుమారు నూట తొమ్మిది లీటర్లు. నూరేళ్లకు ఇరవై నాలుగు. నాలుగు శాతం పోతే? ఎనిమిదిన్నర లీటర్లే, ఒక బకెట్ నిండదు. వైన్ తగ్గేకొద్దీ చిన్న పీపాల్లోకి మారుస్తూ వస్తారు. నడిచేకొద్దీ పీపాలు చిన్నవవుతూ పోతాయి, ఏళ్లు వెనక్కి పోతున్నకొద్దీ. ప్రతి దాని మూత మీద తెల్లటి అంకెల్లో ఏడాది.

ఈ తీపి వైన్‌ను ఇక్కడ ఇదివరకు పోర్ట్ అనేవాళ్లు, ఇప్పుడు అనరు. పోర్ట్ అనే పేరు పోర్చుగల్‌వాళ్లదని యూరప్‌తో ఒప్పందం అయ్యాక, ఇక్కడ టానీ అంటున్నారు. తేనె రంగు, గోధుమ రంగు అని ఆ మాటకు అర్థం. నూరేళ్లదాన్ని చూస్తే ఆ పేరు సరిపోదు. గ్లాసు వంచితే పాత బెల్లం పాకంలా గోడను పట్టుకుంటుంది, కిందికి జారడానికి టైమ్ తీసుకుంటుంది. మధ్యలో నలుపు, అంచున మాత్రం ఆకుపచ్చ జీర. చిన్న చెంచాడు కూడా పోయలేదు నాకు. వాసన చూస్తూనే చాలాసేపు కూర్చున్నాను. ఎండుద్రాక్ష, మాడబెట్టిన చక్కెర, పాత చెక్కపెట్టె తెరిచినప్పటి వాసన.

రెండు పద్ధతుల్లో ఏది గొప్పది అని మా అమ్మాయి అడిగింది. బరోసాది చూస్తే కళ్లు చెమర్చాయి, నిజమే. అంకె ఉంది, పేరు ఉంది, ఫలానా మనిషి ఫలానా రోజు అన్నాడని కథ ఉంది. కానీ నా ఓటు హెరెస్‌కే. అక్కడ ఎవరి ఏడాదీ విడిగా మిగలదు. ఒక పనివాడు నలభై ఏళ్లు గొట్టం దించి, మంచు కురిపించినట్టు వైన్ నింపి రిటైరైపోతాడు. తను పోసింది ఏ సీసాలో ఉందో ఎవరూ చెప్పలేరు, కానీ అన్నిటిలోనూ ఉంటుంది. పెరుగు తోడు పెట్టే ఇంటి నుంచి వచ్చినదాన్ని కదా, నాకు అదే దగ్గరగా అనిపించింది. మీలో కొందరు ఒప్పుకోరు. ఒప్పుకోకండి, తప్పు లేదు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను, టీ చల్లారిపోతోందని సైగ చేస్తున్నారు. సెప్పెల్ట్స్‌ఫీల్డ్‌లో వచ్చినవాళ్లకు వాళ్లు పుట్టిన ఏడాది పీపాలోంచి కొంచెం తీసి రుచి చూపిస్తారు. నాది 1958. అక్కడి అబ్బాయి నన్ను వరస మధ్యకు తీసుకెళ్లి పీపా చూపించాడు. పాతికేళ్లు కూడా ఉండవు వాడికి. పైనున్న బిరడా తీసి, సన్నని గాజు గొట్టం దించి, వేలితో మూసి పైకి లాగి, గ్లాసులో అర అంగుళం పోశాడు. నూరేళ్లదానంత నల్లగా లేదు, ఎర్రమట్టి రంగు. తియ్యగా ఉంది, కాస్త పదునుగా ఉంది. బాగుంది అన్నాను. వాడు తల అడ్డంగా ఊపి, "ఇంకా తయారవలేదండీ, 2058లో తెరుస్తాం" అన్నాడు. అని బిరడా మళ్లీ పెట్టి, అరచేత్తో రెండుసార్లు తట్టి బిగించాడు.

రండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం. ఇందాక చెయ్యెత్తిన గీత పెద్దాయన ఎక్కడున్నారు? ఆగండి, నేనే మీ దగ్గరికి వస్తాను. లొట్టి కడిగేటప్పుడు అడుగున పాత కల్లు కొంచెం ఉంచుతారా, పూర్తిగా కడిగేస్తారా అన్నది మిమ్మల్ని అడగాలి.